నక్షత్రం గుర్తు వదిలేసిన జాబితా

1991 జూన్. గల్ఫ్ యుద్ధం ఆగి మూడు నెలలు దాటింది. రియాద్ శివార్లలోని సులైలో, గోడౌన్ల మధ్య ఉన్న ఒక మెయింటెనెన్స్ కంపెనీలో నేను రికార్డ్స్ టెక్నీషియన్‌ని. వయసు ఇరవై నాలుగు. కాకినాడలో మెకానికల్ డిప్లొమా చేసి, యుద్ధానికి ఏడాది ముందు వచ్చాను. వచ్చిన కొత్తలో మా షెడ్డులో పంపులు, జనరేటర్లు విప్పేవాళ్ళం. సైరన్లు మోగిన రోజుల్లో పని ఆగిపోయింది. మళ్ళీ తలుపులు తెరిచేసరికి బల్లల మీద తుపాకులున్నాయి.

అవి సైన్యానివి కావు. గోదాముల దగ్గర, చమురు ట్యాంకుల దగ్గర కాపలా కాసేవాళ్ళవి. యుద్ధం వస్తుందనగానే పాత పెట్టెలు తెరిచి చేతికందినవి పంచేశారు. అయ్యాక ఇసుకతో, తుప్పుతో తిరిగొచ్చాయి. వాటిని విప్పి, కడిగి, అరిగిన భాగాలు మార్చి, పరీక్షించి పంపడం మా కాంట్రాక్టు.

తుపాకుల వర్క్‌షాపు అంటే చాలామంది ఏదో ఊహించుకుంటారు. చూడ్డానికి సైకిల్ షాపులాగే ఉంటుంది. భాగాన్ని బిగించి పట్టే వైస్, ఆకురాళ్ళు, కిరసనాయిలు తొట్లు, గుడ్డపేలికలు. చేసిన తప్పు ఎక్కడ బయటపడుతుందన్న దగ్గరే తేడా.

మొదటి వారం నేను రాసిన జాబితా ఇప్పటికీ గుర్తుంది. వచ్చినవన్నీ ఒకే అమెరికన్ కంపెనీ తయారీ. ఒకటి, పంప్ యాక్షన్ షాట్‌గన్లు. గొట్టం కింది చెక్కపిడిని వెనక్కు లాగి ముందుకు తోస్తే తర్వాతి తూటా ఎక్కుతుంది. రెండు, రివాల్వర్లు. మూడు, తూటా దానంతటదే ఎక్కే సెల్ఫ్ లోడింగ్ పిస్టళ్ళు. నాలుగు, గురి నేర్పడానికి వాడే చిన్న తూటా రైఫిళ్ళు. ఐదు, అన్నిటికన్నా ఎక్కువగా, బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళు. బోల్ట్ అంటే తలుపు గడియ లాంటి ఉక్కు కడ్డీ. తూటా పేలినప్పుడు అది వెనక్కు రాకుండా ఆపేది ఈ గడియే. కాల్చేవాడి కంటికి జానెడు దూరంలో ఉంటుంది.

ఆ కంపెనీ కేటలాగు ఒకటి మా ఆఫీసులో ఉండేది. మొదటి ఇరవై పేజీలూ చరిత్రే. భోజనాల వేళ కథల పుస్తకంలా చదివేవాణ్ణి. అమెరికా అంతర్యుద్ధానికి ముందు, ఒక నది ఒడ్డున, నీటిచక్రంతో తిరిగే లేత్ మీద ఆ కంపెనీ మొదలైంది. అప్పట్లో ఒక్కో తుపాకీని ఒక్కో పనివాడు ఆకురాయితో అరగదీసి కూర్చేవాడు. ఒకదాని మర ఇంకోదానికి పట్టేది కాదు. తర్వాత కొలిచే గేజ్‌లు వచ్చాయి, మిషన్లు వచ్చాయి. అంతర్యుద్ధంలో రివాల్వర్లు చేశారు. అది ముగిసి ఆర్డర్లు ఆగిపోతే కొన్నాళ్ళు తాళాలు, కుట్టుమిషన్ల భాగాలు చేసి నిలదొక్కుకున్నారు. వేటగాళ్ళ కోసం షాట్‌గన్లు, రెండు ప్రపంచ యుద్ధాల్లో రైఫిళ్ళు, ఆ తర్వాత పోలీసులకు పిస్టళ్ళు. ప్రతి యుద్ధం తర్వాతా ఒక కొత్త షెడ్డు ఫోటో ఉంది. ప్రతి పేజీలోనూ ఒకే గర్వం, ఇంటర్‌చేంజబుల్ పార్ట్స్ అని: ఏ భాగమైనా అదే మోడల్ తుపాకీ దేనికైనా సరిపోతుంది. డిప్లొమాలో నాకు ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టిన పాఠం అదే. నమ్మడానికి క్షణం పట్టలేదు.

మా షెడ్డులో తుపాకుల పని నిజంగా తెలిసినవాడు ఒక్కడే, మస్తాన్ వలీ. ప్రొద్దుటూరు మనిషి. ఇరవై ఏళ్ళు పోలీసు ఆయుధశాలలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనివాడిగా చేసి వచ్చాడు. అందరం వలీ భాయ్ అనేవాళ్ళం. రైఫిల్ విప్పగానే దాని బోల్టును నూలుదారంతో ఆ గొట్టానికే కట్టేవాడు. కడగడం, ఆరబెట్టడం, నూనె రాయడం, అన్నీ ఒక్కోదానికి విడివిడిగా. రోజుకు నాలుగు రైఫిళ్ళకు మించి అయ్యేవి కావు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"వలీ భాయ్, మేనేజర్ గారు రోజుకు పది కావాలంటున్నారండీ. బోల్టులన్నీ ఒక తొట్లో, ట్రిగ్గర్లన్నీ ఒక తొట్లో వేసి కడిగేస్తే సగం టైం మిగులుతుంది కదా?"

"మిగిల్న టైం ఏం జేస్కుంటావబ్బీ? ఇంగో జాబితా రాస్కుంటావా?"

"ఇవి మిషన్ మీద చేసినవండీ. ఒకదాని బోల్టు ఇంకోదానికి పట్టి తీరాలి. కేటలాగులో ఉంది."

"ఎందుకు పట్టదూ, పడ్తాది. మా నాయన కట్టుడు పండ్లు నా నోట్లో గూడా పడ్తాయి. వాట్తో కూడు తిని చూడు, తెలుస్తాది."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రానికి కొత్త పద్ధతి టైపు చేసి మేనేజర్ నబీల్ బల్ల మీద పెట్టాను. ఆయన ఈజిప్టు ఇంజినీరు, తొందర మనిషి. చదివి వెంటనే సంతకం చేశాడు.

నా పద్ధతిలో మూడు మార్పులున్నాయి. భాగాలు రకం వారీగా తొట్లలో వేయాలి. ప్రతిదీ కాకుండా పదింటికి ఒక రైఫిల్‌కే హెడ్‌స్పేస్ కొలవాలి. హెడ్‌స్పేస్ అంటే బోల్టు మూసినప్పుడు తూటాకు మిగిలే చోటు. అది ఎక్కువైతే తూటా వెనక ఆసరా తగ్గి, ఇత్తడి తొడుగు చీలుతుంది. మూడోది, బ్యాచ్‌కు రెండింటినే కాల్చి చూడాలి. ప్రతి రైఫిల్‌కూ ఒక ట్యాగు కట్టి, ఇన్‌స్పెక్షన్ గడిలో నేను పొడి సంతకం పెట్టాలి.

దాంతోపాటు కేటలాగు చివర ఉన్న పార్ట్స్ లిస్టును మా ఫారం మీద మళ్ళీ టైపు చేశాను. కేటలాగులో కొన్ని భాగాల పేర్ల పక్కన నక్షత్రం గుర్తు ఉంది. మా ఫారంలో నాలుగే గడులు: వరుస సంఖ్య, పార్ట్ నంబరు, పేరు, ఎన్ని. నక్షత్రానికి గడి లేదు. వదిలేశాను. టైపు చేసిన కాగితం చాలా శుభ్రంగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా.

మొదటి బ్యాచ్ ఇరవై రైఫిళ్ళు. కాల్చి చూసిన రెండూ బాగానే పేలాయి. బుధవారం లారీలో కువైట్ సరిహద్దు దగ్గరున్న ఖఫ్జీకి వెళ్ళిపోయాయి. శనివారం రెండో బ్యాచ్.

షెడ్డు వెనక, అవతలి కొసను ఇసుక బస్తాలతో మూసిన పెద్ద కాంక్రీటు గొట్టంలోకి కాల్చేవాళ్ళం. వలీ భాయ్ మొదటి రైఫిల్ తీసుకుని బోల్టు మూశాడు. ఆగాడు. తెరిచి మళ్ళీ మూశాడు. ట్యాగు తిప్పి చూశాడు. నా పొడి సంతకం ఉంది. భుజానికి ఆనించి కాల్చాడు.

ఆ చప్పుడు మామూలుది కాదు. పలక విరిగినట్టుంది. వలీ భాయ్ రైఫిల్‌ను కింద పడేయలేదు. మెల్లగా బస్తా మీద పెట్టి, అప్పుడు కూర్చుని రెండు చేతులూ ముఖానికి పెట్టుకున్నాడు. కళ్ళజోడు కుడి అద్దం లేదు.

మర్నాడు ఉదయం నబీల్ నా ముందు ఒక రిపోర్టు పెట్టాడు. తుడిచిన గుడ్డను రైఫిల్ గొట్టంలో మరిచిపోయి కాల్చినందువల్ల ప్రమాదం, బాధ్యత కాల్చిన వ్యక్తిది. కింద రికార్డ్స్ టెక్నీషియన్ సంతకం కోసం ఒక గీత.

"అతను ఎలాగూ ఖురూజ్ మీద వెళ్ళిపోతాడు," అన్నాడు ఇంగ్లీషులో. ఖురూజ్ అంటే ఇక తిరిగి రాని ప్రయాణానికి ఇచ్చే వీసా. "కాంట్రాక్టు పోతే మనందరం అదే విమానంలో ఉంటాం. సంతకం చెయ్, ఖలాస్."

సాయంత్రం దాకా టైం అడిగాను. రైఫిల్‌ను బల్ల మీద పెట్టుకుని చూసినవి చూసినట్టు రాశాను. ఒకటి, గొట్టం ఎక్కడా ఉబ్బలేదు. గుడ్డ అడ్డుపడి ఉంటే ఉబ్బి తీరాలి. రెండు, తూటా తొడుగు అడుగున చుట్టూ తెగింది. మూడు, బోల్టు మీది అంకెలు రైఫిల్ అంకెలతో కలవలేదు. నాలుగు, హెడ్‌స్పేస్ కొలిచే గేజ్‌లు రెండింట్లో నో-గో అనేది పెట్టి మూశాను. అది పెడితే బోల్టు మూసుకోకూడదు. ఒక్క వేలితో తోస్తే మూసుకుంది.

అప్పుడు కేటలాగు చివరి పేజీ తీశాను. అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో: నక్షత్రం గుర్తున్న భాగాలు విడిగా మార్చకూడదు, ప్రతి తుపాకీకీ కొలిచి అమర్చాలి. గుర్తున్న మొదటి భాగం బోల్ట్.

కాగితం మీద ఐదో అంశంగా నా పేరు రాయాలి. రాయలేకపోయాను. ఇకామా, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, గుర్తొచ్చింది, ఇంకా రెండేళ్ళ కాంట్రాక్టు గుర్తొచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని, నాలుగింటికి చూడనిచ్చే వేళకు ఆసుపత్రికి వెళ్ళాను.

వలీ భాయ్ కుడి కంటికి కట్టు ఉంది. నా అడుగు చప్పుడు గుర్తుపట్టాడు.

"రా అబ్బీ. కూర్చో. అది దాని బోల్టు కాదు గదా?"

"కాదండీ."

"నాకు తెల్సు. మూసేటప్పుడే చెయ్యి చెప్పింది, వదులుగా ఉండాదని. నీ సంతకం చూస్తి. సదువుకున్న పిల్లోడు, కొల్చింటాడులే అనుకుంటి."

ఆయన ఇంకో మాట అడిగాడు.

"మొదట పోయినాయే, ఆ ఇరవై. అవి గూడా నీ తొట్లోయేనా?"

"అవునండీ."

"యాడుండాయి ఇప్పుడు?"

"ఖఫ్జీలో."

వలీ భాయ్ మంచం అంచు పట్టుకుని లేవబోయాడు. "మల్ల ఈడేం జేస్తాండావు నువ్వు? నా కన్ను ఈడ్నే ఉంటాది, యాడికీ పోదు. పో."

నబీల్ ఇంటికి బయల్దేరుతుండగా పట్టుకున్నాను. అతని రిపోర్టు, పక్కన నా కాగితం, దాని పక్కన కేటలాగు పెట్టాను. కాగితంలో ఐదో అంశం బస్సులో రాశాను: భాగాలు కలిపే పద్ధతి పెట్టిందీ, నక్షత్రం గుర్తులు వదిలేసిందీ, కొలవని వాటికి సంతకం చేసిందీ నేను.

"ఆ పద్ధతి కింద నా సంతకం కూడా ఉంది," అన్నాడు నబీల్.

"ఉంది సార్."

"మనం సర్టిఫికెట్ ఇచ్చిన రైఫిళ్ళు పనికిరావని మనమే చెప్పాలా? ఏం జరుగుతుందో తెలుసా నీకు?"

"చెప్పకపోతే ఏం జరుగుతుందో నిన్న చూశాం సార్."

అతను ఖఫ్జీకి ఫోన్ చేశాడు. యుద్ధంలో తెగిన లైన్లు ఇంకా సరిగ్గా పనిచేయడం లేదు. మూడుసార్లు ప్రయత్నించి ఫోన్ పెట్టేశాడు. "గేజ్‌లు రెండూ తీసుకో. తెల్లారి ఐదింటికి ఇక్కడ ఉండు," అన్నాడు.

ఖఫ్జీ దగ్గరపడేకొద్దీ రోడ్డు పక్కన కాలిన వాహనాలు కనిపించాయి. కువైట్‌లో మండుతున్న చమురు బావుల పొగ ఆకాశాన్ని కప్పేసింది. మిట్టమధ్యాహ్నం కారు లైట్లు వేసుకుని వెళ్ళాం.

అక్కడ కాపలావాళ్ళ పెద్ద ఒక పాకిస్తానీ హవల్దారు. విషయం చెప్పకముందే నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అరే, ఆజ్ క్యోం ఆయే? ఫైరింగ్ తో కల్ హై, సబ్‌కీ!"

కాల్చి చూసుకోవడం రేపు. అందరికీ. నబీల్ నా వైపు చూశాడు. నేను గేజ్‌ల పెట్టె తెరిచాను.

ఇరవై రైఫిళ్ళూ ఒక్కొక్కటిగా కొలిచాను. పదింటికి ఒకటి కాదు. ఏడింట్లో నో-గో గేజ్ మీద బోల్టు మూసుకుంది. ఆ ఏడింటినీ విడిగా గోడకు ఆనించాను. కాపలావాళ్ళు వచ్చి తమ నంబర్లు వెతుక్కున్నారు. ఒక బంగ్లాదేశీ మనిషి తన రైఫిల్ అటువైపు ఉండడం చూసి, "ఏం చెడిపోయింది?" అని హిందీలో అడిగాడు. తూటా ఎక్కడ చీలుతుందో వేలు పెట్టి చూపించాను. అతను అరచేత్తో కుడి చెంప తడుముకున్నాడు.

ఇరవైనీ వెనక్కు తెచ్చాం. కాంట్రాక్టు పోలేదు, మూడు నెలలు నిలిపేసి, తనిఖీ చేసి మళ్ళీ ఇచ్చారు. నన్ను రికార్డుల నుంచి తీసి కడిగే తొట్టి దగ్గర వేశారు. అది న్యాయమే. వలీ భాయ్ కుడి కంటికి చూపు తిరిగి రాలేదు. గురిచూసే కన్ను అదే.

ఆయన వెళ్ళిపోయే ముందురోజు, మేముండే క్యాంపులో సామాను సర్దుతూ కొత్త రిపోర్టు చదివి వినిపించమన్నాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. కారణం: వేరే రైఫిల్ బోల్టు. బాధ్యత: రికార్డులు రాసిన వ్యక్తి, పద్ధతిని ఆమోదించిన మేనేజర్.

"ఇరవై ఏండ్లలో నా చేతిలో ఒక్కటి గూడా చెడలేదబ్బీ," అన్నాడు. "అది ఉండాదా దాంట్లో?"

లేదన్నాను. కాల్చిన వ్యక్తి తప్పు ఏమీ లేదని ఉంది, అన్నాను.

"తప్పు ల్యాకేం. చెయ్యి చెప్పినాంక గూడా కాల్చింది నేనే గదా."

"మీరు ట్యాగు చూసి కాల్చారు వలీ భాయ్."

"ఆ," అన్నాడు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ. "ట్యాగు చూసి."

ఓదార్పుగా అనలేదు, నిందగానూ అనలేదు. అందుకే ఆ మాట నాతో ఉండిపోయింది.

ఇప్పుడు తాయిఫ్‌లో పంపుల పని చూస్తున్నాను. జాబితాలు రాయడం మానలేదు. విప్పిన ప్రతి పంపు భాగాలనూ నూలుదారంతో దానికే కడతాను. నా ఫారంలో ఐదు గడులుంటాయి. ఐదోది అసలు కేటలాగులో ఉన్న గుర్తుల కోసం. అది ఖాళీగా కనిపిస్తే సంతకం పెట్టను. కేటలాగు తీసి, చివరి పేజీ అడుగుదాకా మళ్ళీ చదువుతాను.