ఊరేగింపు నడకలో ఆ సాగదీత

నా చిన్నప్పుడు సింగపూరులో మన పెళ్ళి ఊరేగింపులకు ముందు మా తాతయ్య ఫిడేలు నడిచేది. గుడి నుంచి క్వార్టర్స్ దాకా ఆయన వాయించేది ఒకే నడక. అది పుట్టుకతో మనది కాదు. విశాఖ వైపు తెల్లవాళ్ళ పటాలం బ్యాండు వాయిస్తుంటే విని, తాతయ్య గురువుగారు ఫిడేలు మీదికి దింపుకున్నారట. ఓడెక్కి ఇక్కడికి వచ్చాక అది ఇంకా మారింది. బెడోక్ వైపు మనవాళ్ళు దాన్ని మలాయి పెళ్ళి డప్పుల తాళానికి వాయించేవారు. తాతయ్య మాత్రం రెండో చరణం చివర ఒక స్వరాన్ని పట్టుకుని సాగదీసేవారు, వెనకవాళ్ళు వచ్చి కలిసేదాకా.

ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు అన్నగారికి ఓపిక చాలలేదు. "ఏంటి తాతా ఈ నత్తనడక? పటాలం బ్యాండులా దంచెయ్!" అన్నాడు. తాతయ్య నవ్వి, "అలాగే బాబూ" అన్నారు. నాతో, "నా పక్కనే నడువు, వెనక్కి చూడకు" అని చెప్పి, ఎక్కడా నిలవకుండా వాయించుకుపోయారు. కుర్రకారు ఈలలు వేస్తూ అడుగులు కలిపారు. తీరా గుమ్మం ముందుకు వచ్చి చూస్తే, హారతి ఇవ్వవలసిన పెళ్ళికొడుకు నానమ్మే లేదు.

"ఈ ముసల్ది ఎక్కడ చచ్చింది?" అని ఆ అన్నగారు అరిచాడు.

తాతయ్య ముఖంలో నవ్వు పోయింది. ఆయన గొంతు పెంచగా నేను వినడం అదే మొదలు. "ఆవిడ వెనకబడలేదురా, నువ్వు వదిలేసి వచ్చావు!"

కొత్త దంపతులను ఎండలోనే నిలబెట్టి వెనక్కి వెళ్ళారు. కాలువ గట్టు మీద ఆయాసపడుతూ కూర్చున్న ఆవిడను, ఆ సాగదీతతోనే మెల్లగా నడిపించుకొచ్చారు.

కంప్యూటరు ఉద్యోగాలకని విమానాల నిండా మనవాళ్ళు దిగుతున్న ఈ రోజుల్లో, మొన్న హౌగాంగ్‌లో ఉగాది సభ పెట్టారు. అందులో మా మనవరాలు ఆ నడక వాయించాలి. రిహార్సల్లో, సభ నడిపే కుర్రవాడు ల్యాప్‌టాప్ తెరిచి, "అంకుల్, ఒరిజినల్ నెట్‌లో దొరికింది. మధ్యలో ఆ లాగుడు మిస్టేకండీ. తీసేస్తేనే స్లాట్" అన్నాడు.

మిస్టేకా! నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఏ కాలేజీ గడపా తొక్కలేదు, లైబ్రరీ బల్లే నా బడి. అయినా, మొదట పుట్టిందే సరైనదనీ, తరవాత మనుషులు కలిపిందంతా తప్పనీ ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. "ఆ ఒరిజినల్ సిపాయిలది బాబూ. వాళ్ళ వెనక నానమ్మలు నడవలేదు" అన్నాను.

"సెంటిమెంట్ ఓకే అంకుల్, కానీ టైం..." అంటూ అతను గడియారం చూసుకున్నాడు.

మనవరాలు ఫిడేలును పెట్టెలో పెట్టేసింది. "కట్ చేస్తే నేను ప్లే చెయ్యను లా," అంది ఇక్కడి పిల్లల యాసలో. "రా తాతా, మకాన్‌కి పోదాం, ఏదైనా తిందాం, ఆకలేస్తోంది."

ఆ నడక లేకుండానే సభ జరిగిపోయింది. వచ్చినవాళ్ళకు అది తెలియనైనా తెలియదు. పెద్దవాణ్ణి కదా, సర్దుకుపోవాలట! అందరూ అదే చెప్పారు. నేను సర్దుకోను. ముసలివాళ్ళను విసుక్కునే తొందర కంటబడితే చాలు, ఇప్పటికీ తాతయ్య గొంతే నాలోంచి లేస్తుంది. దాన్ని తగ్గించుకునే వయసు నాకింకా రాలేదు.