హద్దు అవతలి నక్షత్రాలు

శరణ్యకు ఢిల్లీలోనే సాకేత్‌లో ఉద్యోగం దొరికి, అటువైపు మకాం మార్చింది. ఇద్దరూ కలిసున్న కటవారియా సరాయ్ గదిలో సునంద ఒక్కతే మిగిలింది.

"నువ్వూ ఈ ఎండాకాలంతో బయటపడతావుగా అక్కా! విశాఖ వెళ్లాక మమ్మల్ని గుర్తుపడతావో లేదో," అంది శరణ్య ఆటో ఎక్కుతూ.

థీసిస్ ఇచ్చేస్తే విశాఖ కాలేజీలో సునందకు ఉద్యోగం ఖాయం.

ఆమె పరిశోధన నక్షత్రాల నడక మీద. ఒక్క నక్షత్రం దారి ఎలా మారిందో చూడాలంటే మనిషి ఆయుష్షు చాలదు. అందుకని పళ్లెంలా పరుచుకున్న పాలపుంతలోని వేల నక్షత్రాలను వయసువారీగా విడదీసి, ఒక్కో గుంపులో వేగాలు ఎంత చెదిరాయో లెక్క కడతారు. పడుచువి ఇంచుమించు ఒకే తీరున సాగుతాయి. దారిలో వాయుమేఘాలు లాగి లాగి, ముసలివి తలోదిక్కుకూ మళ్లుతాయి. ఒక వయసు దాటాక ఆ చెదురు పెరగదని సునంద తేల్చింది. థీసిస్‌కు ప్రాణం అదే.

మరీ వేగంగా పోయేవాటిని ఆ పళ్లేనికి చెందని పరాయివని తీసెయ్యడం ఆ పనిలో మామూలే. సీనియర్లు చెప్పినట్టు అన్ని వయసులకూ ఒకే వేగాన్ని హద్దుగా పెట్టింది. చివరి బొమ్మ గీస్తూ, తీసేసినవాటిని ఎర్రరంగులో చూపించింది. ఎరుపంతా ముసలివాటి దగ్గరే పోగుపడింది. హద్దు పైకి జరిపింది. చెదురు పెరిగింది. ఇంకా జరిపింది. ఇంకా పెరిగింది. ఆగినట్టు కనబడింది తను కోసెయ్యడం వల్లే.

మర్నాడు గైడు రంగనాథ్ గారికి చూపించింది. ఆయన బొమ్మ చూసి పక్కన పెట్టారు.

"పరీక్షకులు ఇంత లోతుకు పోరమ్మా."

"పోరు సార్."

"ఇది తీసేస్తే ఏం మిగులుతుంది నీకు?"

"పెరుగుతూనే ఉందని."

"అది ఇదివరకే తెలిసిన ముక్క కదా!"

"తెలుసు సార్. మళ్లీ మొదట్నుంచీ చేస్తాను."

"ఏడాది పడుతుంది. ఠీక్ హై, నీ ఇష్టం," అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సాయంత్రం ఫోన్ బూత్ నుంచి విశాఖ కాలేజీకి చేసింది. గుమాస్తా జానకమ్మ ఎత్తింది.

"ఈ ఏడు రాలేనండీ."

"అయ్యో, అంతా బానే ఉందా తల్లీ?"

"బానే ఉందండీ."

"అక్కడ తిండదీ సరిపడుతోందా? మీ ఢిల్లీలో ఎండలు గట్టిగుంటాయంట?"

చెప్పాల్సింది అయిపోయింది. అయినా సునంద ఫోన్ పెట్టెయ్యలేదు. ఎండల గురించి అడిగినదానికంటే ఎక్కువే చెప్పింది.