మోదుగ చెట్టుకు దొర పేరు

జనగామలో మా మనవరాలు చదివే కాలేజీ తోటలో మోదుగ చెట్టుకు తీగతో ఒక రేకు వేలాడదీశారు. దాని మీద 'బ్యూటియా మోనోస్పెర్మా' అని రాసి ఉంది. అర్థమేందే అని అడిగాను.

"రెండో మాటకు ఒక్కటే గింజ అని, అమ్మమ్మా. మొదటిది ఇంగ్లండుల ఒక దొర పేరు."

"ఆ దొర ఈడికొచ్చి చెట్టును సూసిండా?"

"రాలే. మొక్కలంటే ఇష్టమంట, గందుకే పెట్టిండ్రు."

అరికాలి మంట నెత్తికెక్కింది. రెండో మాటతో నాకు పేచీ లేదు. పలచటి మోదుగ కాయలో చివరన నిజంగానే ఒక్క గింజ ఉంటుంది. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆ గింజను నూరి బెల్లంలో కలిపి, కడుపులో పురుగులు పోతాయని ముక్కు మూసి మింగించేది. ఆ మాట పెట్టినవాడెవడో కాయ విప్పి చూశాడు. మరి మొదటి మాట పెట్టినవాడు ఏం చూశాడు?

నెల్లికుదురు దగ్గరి మా ఊళ్లో, ఆకు లేని కొమ్మల నిండా నిప్పులా పూసిన ఆ పూలను కామునాటకు, అంటే హోళీకి, కుండలో ఉడికించి, ఆ రంగునీళ్లు ఒకరి మీద ఒకరం పోసుకుని, ఎండిన గౌనులు కరకరలాడుతుంటే ఊరంతా తిరిగేవాళ్లం. పూలు రాలి కొత్త ఆకు ముదిరిందంటే మా ఆట ముగిసినట్టే. మా ఊరి దొర గడీలో ఏ శుభకార్యమైనా విస్తళ్లు మా ఇంటి నుంచే పోవాలి, అదీ వెట్టికి. అవ్వా నేనూ అడవికి పోయి ఆకు కోసి, చీపురు పుల్లలతో కుట్టి, బండ కింద అణచి, మోపు కట్టి మోసుకుపోతే, గడీ గుమాస్తా అరుగు మీద కూర్చుని ఒక్కొక్క విస్తరినీ ఎండకు పట్టి చూసేవాడు. సూది మొనంత వెలుతురు కనిపించినా "వాపస్!" అని అవ్వ మొహాన కొట్టేవాడు. ఇంటికొచ్చి మేం జొన్న గటక తినేది మట్టి చిప్పలో. మేం కుట్టిన విస్తళ్లను నాకే యోగం గడీ కుక్కలకుండేది, మాకు లేదు.

దొరలకు ఎదురు నిలిచే సంఘం మా ఊరికి వచ్చిన ఏడు, వెట్టి చెయ్యొద్దని ఊరు ఒక్కమాట అనుకుంది. దొర బిడ్డ పెళ్లికని కుట్టిన మోపును అవ్వ మా వాకిట్లోనే విప్పి, వాడంతటినీ కూర్చోబెట్టింది. నేను అలవాటుకొద్దీ నా విస్తరిని ఎండకు పట్టి చూశాను.

"గదేం సూపే బిడ్డా! కింద పెట్టు, తిను."

వేడి గటక పడగానే ఆకు పచ్చివాసన గుప్పుమంది. సగం తిన్నామో లేదో గడీ మనుషులు వచ్చి చెప్పుకాళ్లతో విస్తళ్లు తొక్కారు. అవ్వ కుడిచేతిని రోటి మీద పెట్టి కర్రతో కొట్టారు.

"కుడ్తవా, కుట్టవా?"

"సచ్చినా కుట్ట!"

ఆ వేళ్లు మళ్లీ వంగలేదు. బతికినన్నాళ్లూ ఎడమచేత్తోనే తింది. గడీకి మాత్రం మా ఇంటి ఆకు మళ్లీ పోలేదు.

ఇప్పుడు గడీ కూలింది. ఆకు కుట్టేవాళ్లూ లేరు, పెళ్లిళ్లలో కాగితం ప్లేట్లు. కామునాటకు పొట్లాల రంగులు. పోతే పోయాయి, విస్తళ్ల కోసం నేను ఏడవను. ఇష్టపడ్డందుకే ఒక దొరకు చెట్టంతా రాసిచ్చారే, అదీ నా కడుపుమంట! వేళ్లు విరగ్గొట్టించుకున్న మా అవ్వ పేరు ఎల్లవ్వ. ఏ రేకు మీదా లేదు.

వానలకు తడిసి ఆ రేకు ఒక మూల తుప్పుపట్టింది. పట్టుకుని పైకెత్తి, ఎండకు ఎదురుగా పెట్టి చూశాను. దొర పేరు పక్కనే చిన్న చిల్లు. వెలుతురు సూటిగా కంట్లో పడింది.

"వాపస్," అన్నాను.