రెండు వరసల ముందే

మా అక్క పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైనం, ప్లాస్టరు పొడి, ఎవరెవరివో దవడలు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పియానో ముందు కూర్చుంటుంది. ఆ పాత పియానో వాళ్ళ ముందుగదిని సగం మింగేసింది. సోఫాలో కూర్చోవాలంటే మోకాళ్ళు ముడుచుకోవాలి. పదకొండేళ్ళుగా దానిమీద ఒకటే పాట, నాలుగు పేజీలది. వేరేది నేర్చుకోవే అంటే, ముందు ఇది రానీ అంటుంది.

పాటలో చిక్కేమీ లేదు, చిక్కంతా మా బావతోనే. రెండు చేతులూ వాయిస్తుంటే పేజీ తిప్పడానికి మూడో చెయ్యి కావాలి కదా, అది ఆయనది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రెండు నిమిషాలు ఆలస్యమైతే సంజాయిషీ రాసివ్వాల్సిన ఉద్యోగం. ఆ కంగారు ఇంట్లోనూ వదల్లేదు. సంగీతంలో ఓనమాలు రావు కాబట్టి, అక్క చూపు పేజీ కిందికి దిగడం చూసి, రెండు వరసల ముందే తిప్పేస్తాడు. అక్క అరిచింది, అలిగింది, చివరికి విసిగిపోయి ప్రతి పేజీలో ఆ రెండు వరసలూ కంఠతా పట్టేసింది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

క్లినిక్ పెట్టి పాతికేళ్ళయిందని డాక్టరు వేడుక చేస్తూ, హాల్లో పియానో ఉంది, వాయించమ్మా అన్నాడు. నలుగురి ముందూ ఒక్కసారైనా ఆగకుండా చివరిదాకా వాయించాలని అక్కకి ఎన్నాళ్ళనుంచో ఆశ. ఈసారి బావ పాడుచెయ్యకూడదని నేను పూనుకున్నాను. మా స్కూల్లో సంగీతం టీచరమ్మని బతిమాలి పేజీలు తిప్పడానికి పిలిచాను. నువ్వు హాయిగా కూర్చుని విను అన్నాను బావతో. కొత్త చొక్కా వేసుకొచ్చిన మనిషి మొహం చిన్నబుచ్చుకుని సరేనన్నాడు. అక్కకి వేదిక ఎక్కబోతుంటే చెప్పాను. ఏదో అనబోయింది, అప్పటికే పిలిచేశారు.

మొదటి పేజీ చక్కగా సాగింది. చివరి రెండు వరసలు వచ్చాయి. పేజీ తిరగలేదు. టీచరమ్మ పద్ధతిగా, ఆఖరి స్వరం కోసం కాచుకుని ఉంది. పదకొండేళ్ళలో ఆ రెండు వరసలూ అక్క కాగితం చూసి వాయించలేదు. కాగితం తిరిగితేనే చేతులు సాగేవి. ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. వెనక ఎవరో దగ్గారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క తలెత్తి జనంలోకి, బావ కోసం చూసింది. బావ లేచి నిలబడ్డాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను.

"కూర్చో బావా. అందరూ చూస్తున్నారు."

"అది నన్ను పిలుస్తోంది."

"ఇంకా పరువు తియ్యకు. కూర్చో."

కూర్చున్నాడు. అక్క ఇంకాసేపు ఇటే చూసి, పియానో మూత వేసేసింది. డాక్టరు పాపం చప్పట్లు మొదలుపెట్టాడు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. టీచరమ్మ తన పని సరిగ్గానే చేసింది, బావ అసలు చెయ్యనే లేదు. ఎటు తిప్పి చూసినా నామీదికే వస్తోంది. వేదిక అక్కడికి పదడుగులు కూడా లేదు. నేను చొక్కా వదిలి ఉంటే ఆ పాట పూర్తయ్యేది.