చిన్నప్ప ఫాదర్ కొత్త విచారణకు పోయి వచ్చాను

ఈస్టరుకు ముందొచ్చే తపస్కాలం మూడో ఆదివారానికి ముందు రోజు, శనివారం, పొద్దున ఐదుంబావుకు కేతేపల్లి బస్టాపులో నిలబడ్డాను. సంచిలో ఒక చీర, నీళ్ళ సీసా, నాలుగు సజ్జ రొట్టెలు, ఆధార్ కార్డు. ఆడవాళ్ళకు బస్సు కిరాయి లేదు గానీ ఆధార్ చూపాలి. జిరాక్స్ చూపిస్తే కొందరు కండక్టర్లు మొహం మాడ్చుకుంటారు. మీలో ఎవరైనా ఇటు పోదలిస్తే అసలుదే పెట్టుకోండి.

ఎందుకు పోయానో ముందే చెప్తాను. చిన్నప్ప ఫాదర్ మా విచారణకు, అంటే మా గుడికీ దాని కింది ఊళ్ళకూ, గురువుగా ఉన్నప్పుడు మా బడి కూడా ఆయన చేతిలోనే ఉండేది. ఒకరోజు బడిలో ప్రార్థన నడుస్తుండగా నవ్విందని నా మనవరాలు లూర్దును చెంప మీద కొట్టాడు. ఆరో తరగతి పిల్ల. చెవి లోపలి పొర చినిగిందని నల్లగొండ దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఎడమ పక్క నుంచి పిలిస్తే పిల్ల పలకదు. బిషప్ గారి ఆఫీసు నుంచి ఇద్దరు ఫాదర్లు వచ్చారు, చాయ తాగారు, "గుడి పరువు బజారున పెట్టకండి, మేం చూసుకుంటాం" అన్నారు. చూసుకున్నది ఏమంటే, ఆయన్ని బదిలీ చేశారు. ఊరు ఊరంతా శాలువా కప్పి, బ్యాండు పెట్టి సాగనంపింది. నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ బ్యాండు చప్పుడు ఇంటిదాకా వినిపించింది.

మొన్న కోడలు ఫోనులో ఒక ఫోటో చూపించింది. కోస్గి అవతలి ఊరి గుడి. చిన్నప్ప ఫాదర్ మెడలో దండ, చుట్టూ ఆడపిల్లలు. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కూడబలుక్కుని చదివాను: "మా హాస్టల్ కొత్త డైరెక్టరు గారికి స్వాగతం." ఆ పిల్లల తల్లులకు మా సంగతి ఎవరు చెప్పి ఉంటారు? ఎవరూ చెప్పరు.

నా కొడుకు రాయప్ప అడ్డం పడ్డాడు. "ఫాదర్ల మీద నోరు లేపుతవా? రేపు నువ్వు పోతే మట్టికి ఎవరొస్తరే?"

"మట్టి నువ్వేస్తవు గదరా. గా పిల్లల సంగతి చెప్పు" అన్నాను. పైకి అట్లా అన్నానే గానీ, లోపల భయం లేకపోలేదు.

ఏడు కాకముందే నల్లగొండ చేరాం. స్టాండులో చాయ తాగి దేవరకొండ బస్సు ఎక్కాను. పక్క సీట్లో నా ఈడుదే ఒకామె, మర్రిగూడకు పోవాలి. మోకాళ్ళు విల్లులాగా వంగిపోయి కాళ్ళు చాపుకోలేక అవస్థ పడుతోంది.

"ఎటు పోతున్నవక్కా?"

"కోస్గి అవతల చర్చికి."

"పండుగనా?"

"పండుగ కాదు. ఒకాయన గురించి నాలుగు మాటలు చెప్పేదుంది."

"చెప్పు తల్లీ చెప్పు. మా నీళ్ళు మంచియి కాదని ఎవరన్న మొదాలే చెప్తే నా కాళ్ళు గిట్లయితుండెనా? ఎరుకున్నోళ్ళు ఉన్నరంట. నోరు తెరవకపాయిరి." కొండమల్లేపల్లిలో ఆమె దిగడానికి నేనూ కండక్టరూ పట్టుకోవాల్సి వచ్చింది.

దేవరకొండలో రెండు రొట్టెలు తిన్నాను. అక్కడి నుంచి కల్వకుర్తి బస్సు. పత్తి ఏరేసిన చేలు, కట్టెలు కూడా పీకని చేలు, మధ్య మధ్య రాతి గుండ్లు. గొర్రెల మంద రోడ్డు దాటేదాకా బస్సు ఆగింది. కల్వకుర్తిలో మళ్ళీ బండి మారి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి రెండున్నర దాటింది. తపస్కాలం ఒక్కపొద్దులు కాబట్టి అరటిపండుతో సరిపెట్టుకున్నాను.

కోస్గి బస్సుకు ఇంకా టైముంది. ఎదురుగా నల్లగొండ బోర్డు పెట్టుకుని ఒక బస్సు నిలబడి ఉంది. లేచి దాని మెట్టు మీద కాలు పెట్టాను. తిరిగిపోతే ఎవరూ నన్నేమీ అనరు. నేను వస్తున్న సంగతి కూడా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"ఎక్కుతవా, ఎక్కవా? బండేమన్న నీ మొగునిదా అవ్వా?" అని కండక్టరు అరిచాడు.

"నా మొగునిదైతే ఎప్పుడో అమ్ముకొని తాగుతుండె" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో కాలు కిందికి దిగింది. కోస్గి బస్సు వచ్చేదాకా మళ్ళీ ఆ దిక్కు చూడలేదు.

హన్వాడ మీదుగా ఐదు గంటలకు కోస్గి. అక్కడి నుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. ఆటో అతను తనంతట తానే అందుకున్నాడు: "చర్చి హాస్టల్‌కా? కొత్త ఫాదర్ శాన స్ట్రిక్టంట. పిల్లలు కుక్కిన పేన్లలెక్క ఉంటున్నరు." మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆ ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి బాలస్వామి ఇల్లు అడిగి పోయాను. ఇట్లా ఫలానా ఊరు, ఫాదర్ పాత విచారణ నుంచి వచ్చానని చెప్పగానే అతను చేతులు పట్టుకున్నాడు. "అయ్యో పెద్దమ్మా, గింత దూరం ఫాదర్ కోసం వచ్చినవా! రేపు పూజ అయినంక శాలువా కప్పుతం. రెండు మాటలు చెప్పాలె. పాత విచారణోళ్ళు వస్తే గది మా రివాజు." నేను నోరు తెరిచేలోపే ఫాదర్‌కు చెప్పి వస్తానని సైకిల్ మోటారెక్కి పోయాడు.

అతని భార్య ఆరోగ్యమ్మ పొయ్యి ముందు కూర్చుంది. వాళ్ళ కూతురు సువార్త, పదేళ్ళది, హాస్టల్ నుంచి శనివారాలు ఇంటికొస్తుంది. ఆరోగ్యమ్మ జొన్నపిండి ముద్ద తీసుకుని పీట మీద రొట్టె తట్టడం మొదలుపెట్టింది. మొదటి దెబ్బ చప్పుడుకే పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకు అతుక్కుంది.

"గీ మధ్యల గిట్లనే చేస్తాంది" అంది ఆరోగ్యమ్మ. "పుట్టిన్నుంచి ఇన్న చప్పుడే గదా, రొట్టెకు భయమేందో!"

"ఎవరు కొట్టిన్రు బిడ్డా?" అన్నాను. పిల్ల తల దించుకుంది. ఆరోగ్యమ్మ చెయ్యి పిండి మీదే ఆగిపోయింది. పొయ్యి మీద ఖాళీ పెనం పొగలు కక్కింది.

అంతలో బాలస్వామి వచ్చాడు.

"ఫాదర్ ఏమన్నడు?" అని అడిగాను.

"తలకాయ నొస్తాందని లోపలికి పోయిండు."

"బాలస్వామీ, నేను పొగడ రాలే..."

"ఏమున్నా రేపు చెప్పు పెద్దమ్మా. ఇప్పుడొద్దు." అతని మొహంలో వెలుగు పోయింది. తెలుసుకోకుండా ఉంటే బాగుండునని చూసే చూపు అది. మా ఊళ్ళో చాలామంది మొహాన చూశాను.

ఆదివారం ఎనిమిదింటికి పూజ. గుడి నిండింది. పాటల గుంపులో అంతా హాస్టల్ పిల్లలే. ఫాదర్ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ప్రకటనలు చదివి, ఆలస్యమైందని దీవెన ఇవ్వబోయాడు. అప్పటికే సంఘపెద్ద ఇన్నయ్య శాలువా పట్టుకుని లేచాడు. "రివాజు రివాజే ఫాదర్, రెండు నిమిషాలు" అంటూ నా భుజాన శాలువా కప్పి, మైకు చేతికిచ్చాడు.

శాలువా తీసి మడతపెట్టి బెంచీ మీద పెట్టాను. ఇట్లా అన్నాను: "నేను ఫాదర్‌ను మెచ్చుకోనీకి వచ్చిన్ననుకుంటున్నరు. కాదు. గీ ఫాదర్ కొట్టిన దెబ్బకు నా మనవరాలి ఎడమ చెవి పోయింది. మాకు న్యాయం జేస్తమని చెప్పి మీ మీదికి తోలిన్రు. మీకు ఎవ్వరు చెప్పలే. నేను చెప్తున్న. మీ పిల్లలను మీరు అడుగుకోండ్రి."

మైకు ఎవరో ఆపేశారు. అప్పటికి చెప్పడం అయిపోయింది.

"పెద్దామెకు మతి సరిగా లేదు. అందరం పాడుదాం" అని ఫాదర్ చివరి పాట ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు ఒక్కడే. పాటల గుంపులో ఒక్క పిల్ల నోరు కదపలేదు. ఆరోగ్యమ్మ లేచి నిలబడింది. "సువార్తా, కొట్టిండా?" అంది. పిల్ల అరచెయ్యి తీసుకుని చెవి మీద పెట్టుకుంది. దాని పక్క పిల్ల కూడా పెట్టుకుంది. ఫాదర్ గొంతు చరణం మధ్యలో ఆగింది. ఆయన వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

బయట ఇన్నయ్య నా మీదికి వచ్చాడు. "ఊరుగాని ఊరు నుంచి వచ్చి మా గుడి పరువు తీస్తివి!" ఆయనకు వంత పాడినవాళ్ళు తక్కువేమీ కాదు. ఒకామె నా ముందు ఉమ్మేసింది. కానీ ఫాతిమా, తెరేజమ్మ అనే ఇద్దరు తల్లులు ఎవరితోనూ మాట్లాడకుండా హాస్టల్‌లోకి పోయి, తమ పిల్లల ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చారు.

బాలస్వామి నన్ను బండి మీద కోస్గిలో దింపాడు. బస్సు కదిలే ముందు అన్నాడు: "నా ఉపదేశి పని పోతది పెద్దమ్మా."

"పోతది" అన్నాను. "పిల్ల ఉంటది."

మహబూబ్‌నగర్ దాటాక కల్వకుర్తి బస్సులో ఫోను మోగింది. బిషప్ గారి ఆఫీసు నుంచి ఒక ఫాదర్. గొంతు మెత్తగా ఉంది. "అమ్మా, గుళ్ళో మీరేమీ అనలేదని, ఎవరూ ఏమీ వినలేదని మాకు ఫోనొచ్చింది. గొడవేమీ లేదు కదా? సాక్షులంటూ ఎవరూ లేరు కదా?"

ఇంత తొందరగా! నేను ఇల్లు చేరకముందే గుళ్ళో నేనన్న మాటలు లేకుండా పోయాయి. తిరుగు దారి పొడుగునా నాకు కలిగిన భయం అదే. ఆ ఊరు దూరమేమీ కాదు, ఒక పగటి ప్రయాణం. పోదలచిన తల్లిదండ్రులు పోయి, కళ్ళతో చూసి రండి. సాక్షులు లేరు కదా అన్న ఆ ఫాదర్‌కు ఫోనులో నేను చెప్పిన పెద్దల పేర్లే ఇక్కడా రాస్తున్నాను. పిల్లల పేర్లు మాత్రం, తర్వాత వాళ్ళ తల్లులు రాయమన్నాకే కలిపాను.

ఆ ఆదివారం ఆ గుళ్ళో ఉన్నవాళ్ళు: శాలువా కప్పిన సంఘపెద్ద ఇన్నయ్య. ఉపదేశి బాలస్వామి. లేచి అడిగిన ఆరోగ్యమ్మ. ట్రంకుపెట్టెలు మోసిన ఫాతిమా, తెరేజమ్మ. ఒంటరిగా పాట ఎత్తుకున్న చిన్నప్ప ఫాదర్. చెప్పిన నేను, మరియమ్మ. పాడని పిల్లలు సువార్త, నిర్మల, జ్యోతి, చిన్న తెరేజ.