పెదనాన్న తుపాకికి కొత్త గొట్టాలు

మొన్న ఇంటి గేటు అతికించుకుందామని కోటబొమ్మాళిలో వెల్డింగు షాపు ముందు నిలబడితే, కాలిన ఇనుమూ కిరసనాయిలూ కలిసిన వాసన ముక్కుకి తగిలి, పదేళ్ల పిల్లనై, జీడిపళ్ల మరకల పరికిణీతో, పెదనాన్న పశువులశాల వెనక ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డట్టే అయింది.

అది రాలిన జీడిపళ్లు పులిసి తోటంతా మత్తుగా వాసనేసే కాలం, వాకిట్లో ముంజల గెలలు దిగే కాలం, అమ్మవారి సంబరానికి ఇంటింటా బెల్లం పొంగడాలు వేగే కాలం. ఆ పళ్ల కోసం ఎలుగుబంటి కూడా వచ్చేది. ఆ ఏడు గింజలేరుకుంటున్న ఒకామె ముఖం చీరేసింది. పెదనాన్నకి లైసెన్సున్న జోడు గొట్టాల తుపాకి ఉండేది గానీ, దాని చిన్న గుళ్లు ఎలుగుకి దోమకాటేనని ఆయన బాధ. ఒడిశా వైపు నుంచి ఒక కమ్మరిని పిలిపించి, పాత గొట్టాల్లోకి మందపాటి గొట్టాలు దింపించి, చిటికెనవేలంత ఒంటి గుండు పేలే రైఫిలుగా మార్పించడం మొదలెట్టాడు.

ఎలుగు కోసమేనా అని ఊరికి అనుమానం. తోట మధ్య గట్టు గురించి ఆయనకీ, ఆయన తమ్ముడైన మా నాన్నకీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు మరి.

నేను శాల వెనక నక్కి విన్నాను.

"ఎంత దూరం నుంచి కాలస్తావు బావూ?" అని కమ్మరి అడిగాడు.

"మా తోట పాక కాణ్నించి గట్టు దాకా సాలు," అన్నాడు పెదనాన్న.

గట్టు మీదే నాన్న మధ్యాహ్నాలు నడుం వాల్చేవాడు. పరిగెత్తి అమ్మకి చెప్పాను. నాన్న నవ్వేశాడు గానీ, మర్నాటి నుంచి చుట్టూ తిరిగి చెరువు దారిన తోటకి వెళ్లేవాడు. దారిలో పెదనాన్న ఎదురైతే నేను అమ్మ కొంగు వెనక దాక్కునేదాన్ని. ఆయన ఒక్క క్షణం ఆగి, నన్ను చూసి, తలదించుకుని వెళ్లిపోయేవాడు. ఆ తలదించడాన్ని కూడా మేం తప్పుగానే లెక్కేసుకున్నాం.

పెద్దమ్మకీ అదే భయం పట్టుకుంది. పని పూర్తయి కమ్మరి వెళ్లిపోయిన మర్నాడు, పెదనాన్న సంతకెళ్లిన వేళ చూసి, తుపాకిని పొందూరు దుప్పట్లో చుట్టి, బస్సెక్కి పోలీస్ స్టేషన్లో అప్పగించేసింది. తుపాకుల సంగతి తెలిసినవాడెవరో విప్పి చూసి, లోపలి అతుకు నిలవదనీ, మొదటి దెబ్బకే వెనక్కి పేలి కాల్చినవాడి ముఖమే పోయేదనీ చెప్పాడట.

ఆ సాయంత్రం పెద్దమ్మ నోట సంగతంతా విని, పెదనాన్న మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఒరే, నాను అది నీ కోసం సేయించేననుకున్నావేట్రా?"

నాన్న అరుగు మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"పసిపిల్ల కూడా నన్ను సూసి దాక్కుంతన్నాది," అంటూ ఆయన అరుగు మీద కూలబడ్డాడు. అమ్మ పొంగడాల పళ్లెం తెచ్చి పెట్టింది. ఆయన చెయ్యి చాచలేదు. పళ్లాన్నీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు. ఆయనకీ మా మీద అనుమానమేనని నాకప్పుడర్థమైంది. నాన్న వంగి ఒక పొంగడం తీసుకుని, నమిలి మింగాడు. అప్పుడు పెదనాన్న ఒకటి తీసుకున్నాడు.

తుపాకి మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తోటలో సగం తుపానుకి పడిపోయింది, మిగతా సగంలో ఇళ్లు లేచాయి. ఎలుగులు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయట, ఆ ఇళ్ల గుమ్మాల దాకా. అన్నదమ్ములిద్దరూ ఏడాది తేడాలో పోయారు. పోయేదాకా సాయంత్రాలు ఒకే అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నారు గానీ, ఆ వేసవి గురించి ఒకరితో ఒకరు ఒక్క మాటైనా ఎత్తలేదని అమ్మ చెప్పింది.