పాల పెద్దమ్మ, యాభై గంటల డబ్బా

పాల పెద్దమ్మ పోయిందన్న కబురు ఫోన్‌లో వచ్చి మూడు గంటలైనా నేను చూడలేదు. ఆ రోజుకు నా డేటా మధ్యాహ్నమే అయిపోయింది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి ఇంటి వైఫై తగలగానే గౌలిపుర గల్లీ గ్రూపులోంచి మెసేజీలు వరసగా పడ్డాయి. అన్నిటికన్నా ముందుది ఆమె కొడుకు పెట్టింది: ‘అమ్మ పొద్దుగాల పాలు పోసొచ్చి, మధ్యాహ్నం బువ్వ తిని కుర్చీల కూసున్నది. గట్లనే పోయింది.’ నేను చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగి ఆటో ఎక్కాను. మాదన్నపేట నుంచి గౌలిపుర ఎంత దూరమని? అయినా ఆ ఆటో ఎంతకీ కదలనట్టే అనిపించింది, డ్రైవర్‌ను రెండుసార్లు విసుక్కున్నాను కూడా. నా తొందర చూస్తే ఆమె ఏమనేదో నాకు తెలుసు.

ఆమె నాకు చుట్టం కాదు. మా పుట్టింటికి రెండిళ్ళ అవతల ఉండేది. వెనక కొట్టంలో ఆరు బర్రెలు, ముందుగదిలో పాల క్యాన్లు. గల్లీ అంతా పెద్దమ్మ అనేది, నేనూ అన్నాను. పాలు పోయడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. కొలత నిండా పోశాక చెయ్యి ఒక్క క్షణం ఆపి, మళ్ళీ క్యాను వంచి, కాస్త కొసరు పోసేది. ఎవరికీ అది తప్పేది కాదు. నాకేమో చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా నిలబడటం చేతకాదు. కొలత పడీ పడగానే గిన్నె లాగేసుకునేదాన్ని, కొసరు వెళ్ళి గడప మీద పడేది. ‘ఆగు బిడ్డా, ఇంక అయిపోలె’ అనేది. కోప్పడి కాదు, ఊరికే అనేది. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చినా అంటూనే ఉంది.

అప్పుడే ఆమె కొడుకు టైపింగు పనుల కోసం ఒక పాత కంప్యూటర్ కొని క్యాన్ల పక్కన పెట్టాడు. అంతకుముందు ఇంటర్నెట్ అంటే ఏడాదికి సరిపడా గంటలు ఒక్కసారే కొనుక్కోవాలి, అది మా గల్లీకి అందే వ్యవహారం కాదు. ఆ తర్వాత చిన్న ప్యాకేజీలు వచ్చాయి. పాతిక గంటలు, యాభై గంటలు, వంద గంటలు. ఒక అట్టడబ్బా, లోపల సీడీ, ఒక చీటీ మీద పేరూ పాస్‌వర్డూ. గడువులోగా వాడకపోతే మిగిలిన గంటలు పోయినట్టే. ఫోన్ బిల్లు వేరే. మా నాలుగిళ్ళు కలిసి యాభై గంటల డబ్బా ఒకటి తెచ్చుకున్నాం.

డబ్బా వచ్చిన రోజు గల్లీలో అయిన లొల్లి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా నాన్న కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కళ్ళద్దాలు పెట్టుకుని డబ్బా వెనకున్న సన్న అక్షరాలన్నీ చదివి, ‘మా క్యాంటీన్ కూపన్లే నయం. మిగిలితే పక్కోనికన్న ఇయ్యొచ్చు’ అన్నాడు. పెద్దమ్మ ఎదురింటి ఖాలా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, ‘వక్త్‌ను గూడ డబ్బాల పెట్టి అమ్ముతున్నరా? క్యా జమానా ఆయా’ అంది. పెద్దమ్మ బాధ వేరు. ‘పాలు మిగిలితే తోడేస్తం. పెరుగైతది, నెయ్యైతది. గంటలు మిగిలితే ఏమైతది?’ అని కొడుకును నిలదీసింది. ఫోన్ బిల్లు సంగతి చెబితే ఇంకా మండిపడింది: ‘పాలకు పైసలు సరే. గిన్నె పట్టుకొని నిలవడ్డందుకు గూడ పైసలా?’

అయినా పంపకం ఆమె చేతిలోనే పెట్టారు. ఇంటికి అరగంట. ఆమె క్యాన్లు కడుగుతూ గోడ గడియారం కేసి చూసేది. అరగంట అయ్యాక కూడా లెమ్మనేది కాదు. ‘ఇంకో రెండు నిమిషాలు కూసో, కొసరు’ అనేది. కీచుమంటూ, గరగరలాడుతూ లైను కలవడానికే పావుగంట పట్టే రోజులవి. ఆ రెండు నిమిషాల్లో ఒక పేజీ కూడా పూర్తిగా తెరుచుకునేది కాదు. అయినా ఆ కొసరు కోసం అందరం కూర్చునేవాళ్ళం.

ఖాలా భర్త సౌదీలో, దమ్మాంలో డ్రైవరు. వాళ్ళు ఉండే క్యాంపులో ఫోను లేదు, తెలిసినవాళ్ళ ఆఫీసు నుంచి మెయిల్ పంపేవాడు. ఉర్దూ మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఖాలాకు ఆ అక్షరాలు రావు. నేను చదివి వినిపించేదాన్ని, ఆమె చెప్పింది టైపు చేసేదాన్ని. నా సంగతేమో, డిగ్రీ అయిపోయి, పుణేలో ఒక కంపెనీకి ఉద్యోగం కోసం మెయిల్ పెట్టి, జవాబు కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఇంటికొస్తే పెద్దమ్మ ఇంటికి పోవాలనిపించేది. అక్కడ కూర్చుంటే లేచి పోవాలనిపించేది.

ఒక మంగళవారం పెద్దమ్మ ఇంటిల్లిపాదీ పెళ్ళికి పోతూ, మధ్యాహ్నం బర్రెలకు నీళ్ళు పెట్టమని తాళంచెవి నాకిచ్చింది. పదిన్నరకు తాళం తీశాను. బర్రెల దగ్గరికి పోలేదు, కంప్యూటర్ దగ్గరికే పోయాను. ఎన్నోసార్లు ప్రయత్నిస్తే లైను కలిసింది. జవాబు రాలేదు. కలిసిన లైను వదిలితే మళ్ళీ దొరకదు కదా అనిపించింది. అన్నం తినొచ్చి మళ్ళీ చూద్దామని, లైను అట్లాగే ఉంచి, ఎవరికీ కనిపించకుండా తెర మాత్రం ఆపేసి ఇంటికి పోయాను. నేను మరిచిపోలేదు, కావాలనే ఉంచాను. ఇంట్లో అమ్మ నాన్నమ్మను నాకు అప్పజెప్పి కంటి దవాఖానాకు తోలింది. అక్కడ క్యూ కదిలేసరికి సాయంత్రమైంది. పరుగెత్తుకుంటూ వచ్చి చూస్తే లైను దానంతటదే తెగి ఉంది. కంప్యూటర్ ఆపి, బర్రెలకు నీళ్ళు పెట్టి, తాళం వేశాను.

మర్నాడు ఎవరు కూర్చున్నా ‘గంటలు అయిపోయాయి’ అనే వచ్చింది. ఇంకా ఆరు, ఏడు గంటలు ఉండాలని అందరికీ తెలుసు. గల్లీ భగ్గుమంది. కంపెనీ మోసం చేసిందన్నారు, నీళ్ళు కలిపిన పాలన్నారు. నేనూ అన్నాను, అందరికన్నా గట్టిగా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. వారం గడిచాక, కొడుకు ఎంతకీ కదలకపోవడంతో, పెద్దమ్మే మంచి చీర కట్టుకుని ఆ కంపెనీ ఆఫీసుకు బయలుదేరింది. ‘ఇంగిలీషుల మాట్లాడాలె గదా, నువ్వు రా బిడ్డా’ అని నన్నే వెంటబెట్టుకుంది.

ఆబిడ్స్‌లో, మెట్లెక్కితే పై అంతస్తులో ఆ ఆఫీసు. కౌంటర్ వెనక ఒక కుర్రాడు. పెద్దమ్మ తెలుగులో అడుగుతుంటే నేను ఇంగ్లీషులో రెచ్చిపోయాను. ‘మేం వాడకుండానే ఎట్లా అయిపోతాయి’ అని బల్ల మీద చెయ్యి కూడా కొట్టాను. అతను ఒక పొడుగాటి కాగితం అచ్చు తీసి పెద్దమ్మ ముందు పెట్టాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. చూపుడు వేలు ఒక్కో వరస మీదుగా కిందికి జారింది. అరగంట, అరగంట, అరగంట. ఒకచోట ఆగింది. పదకొండు నుంచి సాయంత్రం దాకా ఒకే వరస. తారీఖు చూసింది. తను పెళ్ళిలో ఉన్న రోజు.

తల తిప్పి నన్ను చూసింది. ఒక్కసారే చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను అప్పుడే అన్నీ ఒప్పేసుకుని ఏడ్చేదాన్నేమో. కోపం లేదు. కొలత పోశాక చెయ్యి ఆపి నిలబడే క్షణంలా ఉంది. నేను కళ్ళు దించుకున్నాను.

‘మాదే గల్తీ బాబూ’ అంది అతనితో, కాగితం మడిచి కొంగున కట్టుకుంటూ. ‘అయినా ఇంత యాపారం చేస్తున్నరు, కొసరు ఇయ్యరా?’

‘కొసరు ఏంటమ్మా, ఇది ఇంటర్నెట్’ అన్నాడతను.

‘అయితే ఏంది? కొలిచి అమ్ముతున్నవా లేదా?’

అతను నవ్వుతూ సొరుగు లాగి, ఉచితంగా వాడి చూడమని పంచే పది గంటల సీడీ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. పెద్దమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. గల్లీకొచ్చాక నడిమధ్య నిలబడి, ‘గల్తీ మనదే. నేనే సరిగ బంద్ చెయ్యలె’ అని చెప్పింది. అందరూ ఒక్కటే నవ్వు. నేను అందరి వెనకా నిలబడి విన్నాను.

కొసరు గంటల్లో మొదటి అరగంట ఖాలాకు ఇచ్చింది పెద్దమ్మ. నేనే చదవాలి. ఆమె భర్త రాసిన మెయిల్ వారం నుంచీ అక్కడే పడి ఉంది. ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటున్నారు, వచ్చేయమంటే వచ్చేస్తాను, శనివారంలోగా నీ జవాబు రాకపోతే ఉండమన్నావనే అనుకుంటాను అని రాశాడు. శనివారం పోయి నాలుగు రోజులైంది. నేను ఆగకుండా చివరిదాకా చదివేశాను. ఖాలా దుపట్టా సర్దుకుని ‘అచ్ఛా’ అంది. తర్వాత, ‘ఖైరియత్ అడుగు, మంచిగున్నరా అని, అంతే రాయ్’ అంది. నేను అంతే రాశాను. అతను రెండేళ్ళు రాలేదు.

నాకు పుణే నుంచి జవాబూ రాలేదు, అది వేరే సంగతి.

అప్పటి నుంచీ పెద్దమ్మకు నెట్ తాగేసిందన్న పేరు అంటుకుంది. గల్లీలో ఎవరి ఇంట్లో కరెంటు పోయినా, నల్లా నీళ్ళు ఆగిపోయినా, ‘పెద్దమ్మా, ఇది గూడ నువ్వే తాగినవా?’ అని ఆటపట్టించేవాళ్ళు. ఆమెకూ నవ్వొచ్చేది. నేను పాలకు పోయినప్పుడు మాత్రం కొలత పోశాక చెయ్యి ఆపి నా మొహం చూసేది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకునేదాన్ని. అనుకుంటూనే గిన్నె లాక్కుని వచ్చేదాన్ని. పెళ్ళయ్యాక మాదన్నపేటకు వెళ్ళిపోయాను. పండక్కి వచ్చినా, పురిటికి వచ్చినా ఆమె ముందు ఐదు నిమిషాలకు మించి కూర్చోలేకపోయేదాన్ని.

చిత్రం ఏమిటంటే, చివరికి నాకు ఉద్యోగం దొరికింది ఒక ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌లో. ‘నేను వాడకుండానే డేటా ఎట్లా అయిపోయింది?’ అని రోజంతా జనం నన్ను తిడుతుంటారు. తెర మీద వాళ్ళు వాడిన వరసలన్నీ నాకు కనిపిస్తుంటాయి. అయినా ‘మీరే వాడారు’ అని ఎవరితోనూ అనలేను. గొంతు పెంచేవాళ్ళను చూస్తే నాకు కోపం రాదు. కంపెనీ నాకిచ్చిన పరిధిలో ఎంతో కొంత డేటా కొసరు కలిపి పంపేస్తాను. ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నానో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

పదకొండో దినం నాడు భోజనాలయ్యాక అందరం పెద్దమ్మ ముందుగదిలో కూర్చున్నాం. ఎవరో మళ్ళీ ఆ మాట ఎత్తారు. పెద్దమ్మ నెట్ తాగేసిన కథ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆమె ఫోటో ముందు కూడా ఆ నింద ఆమె మీదే ఉంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను, గడప దాకా వెళ్ళాను, మళ్ళీ వచ్చి ఖాలా పక్కన కూలబడ్డాను. ఖాలా ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. భర్త పోయి నాలుగేళ్ళు.

‘ఖాలా, ఆ రోజు పెద్దమ్మ కాదు. నేనే. లైను నేనే ఇడిచిపెట్టి పోయిన. నీ రెండేండ్లు నేనే ఖరాబ్ చేసిన’ అన్నాను. గదిలో అందరికీ వినిపించేట్టే అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఖాలా నా మోకాలి మీద చెయ్యి వేసింది.

‘మాలూం బేటా. ఎదురింటి దాన్ని, నువ్వు తాళం తీసినప్పుడు చూసిన. నువ్వు మెయిల్ చదివి చెప్పిన నాడే పోయి పెద్దమ్మను అడిగిన. మస్తు గుస్సా ఉండె నాకు. నీ ఇంటికే వస్తుంటిని. ఆమె రానియ్యలె. పిల్ల తనే వచ్చి చెప్తది, జర ఆగు అన్నది.’

‘ఆమెకు గూడ చెప్పలె ఖాలా నేను.’

‘అది గూడ మాలూం.’ ఖాలా ఫోటో వైపు చూసింది. ‘రోజు నా గిన్నెల కొలత పోస్తుండె, కొసరు పోస్తుండె. మళ్ళొకసారి పోస్తుండె. ఇది గా పిల్ల పేరు మీద అంటుండె. ఆయన వచ్చేదాక పోసింది. రెండేండ్లు. గుస్సా ఎన్ని రోజులుంటది బేటా, రోజు పాలు తాగుకుంట?’

నేను ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. పెద్దమ్మా, నువ్వు ఆగావు, నేనే రాలేదు. ఇంతకన్నా చక్కగా ఈ మాట చెప్పడం నాకు రాదు.

ఆ రాత్రి పుట్టింట్లోనే ఉండి, పొద్దున రెండు గిన్నెలు పట్టుకుని వెళ్ళాను. ఒకటి మాది, ఒకటి ఖాలాది. తల్లి కూర్చునే చోటే కొడుకు కూర్చున్నాడు, అవే క్యాన్లు. మా గిన్నెలో కొలత పోసి, చెయ్యి ఆపాడు.

‘అన్నా, నా కొసరు ఖాలా గిన్నెల పొయ్యి’ అన్నాను.

అతను ఎందుకని అడగలేదు. ఖాలా గిన్నెలో ఆమె కొలత పోశాడు, ఆమె కొసరు పోశాడు. తర్వాత మళ్ళీ క్యాను వంచాడు. సన్నటి ధార. అది చుక్కలయ్యేదాకా, చివరి చుక్క అంచు మీద వేలాడి పడేదాకా నేను గిన్నె కదపలేదు.